ఆ కంపెనీ ఎవరిదో మాకు తెలియదు

ఆ మంగళవారం పొద్దున డైరెక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, బ్యాంకుకు వెళ్లి కంపెనీ పేర ఖాతా తెరవడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. డైరెక్టరు గారంటే మరెవరో కాదు, ఆ ఇంటాయనే. పరాయి దేశం వచ్చి ఇన్నేళ్లుగా "ఏమండీ"గా బతికిన మనిషి, కిందటి వారం కర్టెన్ల కంపెనీ రిజిస్టరు కాగానే భార్య నోట "డైరెక్టరు గారూ" అయ్యాడు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో వెటకారం పాలెంతో ఆయనకింకా తేలలేదు.

కర్టెన్లు కుట్టేది ఆవిడ. కిటికీల కొలతలు తీసేది ఆవిడ తమ్ముడు. ఆయన సంతకాలు పెడతాడు. ఊళ్లో కొత్తగా కట్టిన హోటలువాళ్లు ఆవిడ కుట్టు చూసి, గదులన్నిటికీ మీరే కుట్టండన్నారు. కాకపోతే వాళ్లు వ్యవహరించేది కంపెనీలతోనే. శుక్రవారంలోగా బ్యాంకు ఖాతా చూపిస్తే పని వీళ్లకి, లేకపోతే ఇంకొకళ్లకి. ఇన్నాళ్లూ ఇరుగుపొరుగు కిటికీలతో సరిపెట్టుకున్న ఆవిడకు ఆ హోటలు కిటికీలు కలలోకి వస్తున్నాయి.

ఆయన బాధ వేరు.

"ఒక్క పూటలో కంపెనీ ఎలా పుడుతుందే? ఎవరూ రేపు రమ్మనలేదు. పెద్దసారు సీట్లో లేరనలేదు. నాకెందుకో తేడాగా ఉంది."

"పనయితే కూడా బాధేనా మీకు?"

"తిప్పకుండా పని చేశారంటే ఏదో ఉందనే అర్థం."

రిజిస్ట్రేషన్ చేయించిన ఏజెంటు ఆ తర్వాత చేయాల్సినవన్నీ విడమరిచి చెప్పాడు. బ్యాంకు ఖాతా తెరవాలి. పన్నుల ఆఫీసులో నమోదు చేసుకోవాలి. ఇంటి చిరునామాయే కంపెనీ చిరునామా కాబట్టి తలుపు మీద పేరు బోర్డు తగిలించాలి. బ్యాంకువాళ్లు చెప్పాపెట్టకుండా ఒక మనిషిని పంపి కంపెనీ నిజంగా ఉందో లేదో చూసుకుంటారు. వాళ్లొచ్చినప్పుడు మర్యాదగా లోపలికి పిలిచి చూపించాలి.

ఆ చివరి మాట దగ్గరే ఆయనకు చురుక్కుమంది. "చెప్పకుండా వస్తారని వీడు ముందే చెప్పాడంటే ఏంటర్థం? వీడే ఎవరినో పంపుతాడు. మనం మర్యాదగా లోపలికి పిలుస్తాం. మన కాగితాలన్నీ చూసుకుపోయి మన పేరు మీద లోను లాగేస్తారు."

బ్యాంకులో పని సాఫీగానే సాగింది. గుమాస్తా కాగితాలు తీసుకున్నాడు, విచారించి కబురు చేస్తామన్నాడు, నవ్వాడు. ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"ఎందుకు నవ్వాడంటావు?"

"నవ్వకూడదా?"

"బ్యాంకులోనా?"

ఆ సాయంత్రానికల్లా ఇంట్లో కర్ఫ్యూ మొదలైంది. కొత్త పేరు బోర్డు తలుపెక్కడానికి బదులు బీరువాలో చీరల అడుగుకు చేరింది. "బోర్డు లేకపోతే వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది బావా?" అన్నాడు బావమరిది. "తెలియకూడదనేగా నా తాపత్రయం" అన్నాడాయన. అంతటితో ఆగక కింది వాటాలో ఉండే పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఎవరొచ్చి అడిగినా ఇక్కడ కంపెనీ గింపెనీ లేదని చెప్పమన్నాడు. పెద్దావిడ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. తనకెవరైనా ఓ బాధ్యత అప్పగించకపోతారా అని అప్పటినుంచీ ఎదురుచూస్తోంది.

బుధవారం బూడిదరంగు కోటు వేసుకున్న ఒకమ్మాయి, చేతిలో ఫైలుతో వచ్చి కింది వాటా గంట కొట్టింది. పెద్దావిడ తనకు చెప్పినంతా చెప్పింది. చెప్పనిది కూడా కాస్త కలిపింది.

"కంపెనీ లేదమ్మా. పైన మొగుడూపెళ్లాలుంటారు. పగలంతా ఏదో మిషను చప్పుడు. ఆవిడ తమ్ముడు వస్తూ పోతూ ఉంటాడు, చేతిలో టేపు. ఏం చేస్తారో నేనడగను. మర్యాదస్థులు, అంతే."

అమ్మాయి ఫైల్లో గబగబా ఏదో రాసుకుంది. పైకొచ్చి బోసి తలుపును ఫోటో తీసుకుని కిందికి దిగింది. ఇదంతా తలుపు కంతలోంచి చూసిన డైరెక్టరు గారు ఒక్క క్షణం ఆగలేదు. చెత్తబుట్టలోంచి సంచీ లాగి, పారేయడానికి వెళ్తున్నవాడిలా వీధిలో ఆమెకు ఎదురుపడ్డాడు.

ఆమే పలకరించింది. "ఏమండీ, ఇక్కడ కర్టెన్ల కంపెనీ ఉందట, మీకేమైనా తెలుసా?"

"కర్టెన్లా? ఈ వీధిలో కర్టెన్లు ఎవరికి కావాలండీ?" అన్నాడాయన. ఆయన నెత్తిమీద, సొంత ఇంటి కిటికీలో, భార్య కుట్టిన కుచ్చుల కర్టెన్లు గాలికి ఊగుతున్నాయి.

"దాని డైరెక్టరు ఇక్కడే ఉంటారని రాసి ఉంది."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అబద్ధం కుదిరిందనిపిస్తే మనిషికి దాని మీద మేడ కట్టబుద్ధేస్తుంది. "ఆయనా? ఊరొదిలి వెళ్లిపోయాడని విన్నాను" అన్నాడు. ఆమె మళ్లీ ఫైలు తెరిచింది.

ఆమె వెనకాలే ఆయనా నడిచాడు, చేతిలో చెత్త సంచీతో. ఆమె అడుగు పెంచితే ఆయనా పెంచాడు. ఆమె ఒక్కసారి వెనక్కి చూసి దాదాపు పరుగు అందుకుని బ్యాంకులోకి దూరింది. లోను. ఇప్పుడే, తన కళ్ల ముందే.

తన ఫోను వాడితే జాడ తెలిసిపోతుందని ఎదురుగా ఉన్న పళ్లకొట్టు అతన్ని బతిమాలి, అతని ఫోనులోంచి బ్యాంకుకు చేశాడు. "బూడిదరంగు కోటు ఆవిడ ఇప్పుడే లోపలికొచ్చింది. ఆ కర్టెన్ల కంపెనీ కాగితాల మీద ఏ పని అడిగినా చేయకండి. అంతా మోసం."

"మీరెవరు?"

"అది మీకనవసరం."

ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, కంపెనీని కాపాడానన్నాడు. ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ అంతా విని, "ఆ అమ్మాయి మెడలో కార్డులాంటిదేమైనా ఉందా?" అంది.

"లేకేం. బ్యాంకు గుర్తుతో సహా వేలాడేసుకుంది. ఎంత పకడ్బందీగా వచ్చిందో చూడు."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. ఆ ఇంట్లో కత్తెర చప్పుడు ఆగిందంటే ఏమిటో బావమరిదికి తెలుసు. మెల్లగా చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు.

గురువారం పొద్దున్నే బ్యాంకునుంచి పిలుపొచ్చింది. ముగ్గురూ వెళ్లారు. మేనేజరు పక్కన బూడిదరంగు కోటు కూర్చుని ఉంది.

"మీరు నన్ను వెంటాడిన చెత్తసంచీ ఆయన కదూ?" అంది. "డైరెక్టరు ఊరొదిలి వెళ్లాడని చెప్పింది మీరే."

"వచ్చేశాడండి," అన్నాడు బావమరిది.

మేనేజరు నవ్వలేదు. డైరెక్టరు గారికి అదొక్కటే కాస్త ఊరట. మేనేజరు ఆయన పెట్టిన కాగితాలన్నీ బల్లమీద వరసగా పరిచాడు. ఒకదాని మీద సంతకం పాములా ఉంది, ఇంకొకదాని మీద పువ్వులా ఉంది, మరొకదాని మీద చెట్టు కూలినట్టు ఉంది.

"ఇందులో మీ సంతకం ఏది?"

"అన్నీ నావే," అన్నాడాయన, ఎట్టకేలకు తనకో మంచి ప్రశ్న పడినట్టు. "ఎప్పుడూ ఒకేలా పెడితే ఎవడైనా నేర్చేసుకోడూ?"

మేనేజరు ఓ తెల్లకాగితం ముందుకు తోశాడు. "ఇక్కడ ఓసారి పెట్టండి."

"ఏది పెట్టమంటారు?"

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రేపే శుక్రవారం. ఆవిడ కొంగు సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అమ్మాయీ, కంపెనీ ఉందో లేదో నువ్వే వచ్చి చూడు. ఈసారి తలుపు నేను తీస్తాను. ఈయన మాటలు పట్టించుకోకు. నేను పెళ్లయిన మర్నాడే మానేశాను."

ఆ మధ్యాహ్నమే అమ్మాయి వచ్చింది. బోర్డు అప్పటికే చీరల అడుగునుంచి తలుపెక్కింది. కుట్టుమిషను, గుడ్డ తానులు, హోటలు గదుల కొలతలు అన్నీ చూసింది. ఒక కర్టెను అంచు తిరగేసి వేలితో రుద్దింది. పోతూ పోతూ కింది వాటా పెద్దావిడనూ అడిగింది. "అయ్యో, ఉందమ్మా. నిన్న లేదని చెప్పమన్నారు, చెప్పాను. ఇవాళ ఉందని చెప్పమన్నారు, చెబుతున్నాను" అంది పెద్దావిడ. అదృష్టవశాత్తూ అమ్మాయి అప్పటికే కర్టెన్లు చూసి ఉంది.

బ్యాంకు ఒకే ఒక షరతు పెట్టింది. డైరెక్టరు మారాలి. ఎప్పుడు పెట్టినా ఒకేలా సంతకం పెట్టేవాళ్లు కావాలి. ఏజెంటు ఆ మార్పూ సాయంత్రానికల్లా చేయించేశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి, డైరెక్టరుగా ఆవిడ సంతకంతో కంపెనీ ఖాతా తెరుచుకుంది, పొద్దు గుంకేలోగా హోటలు పని చేతికొచ్చింది.

ఇప్పుడు బావమరిది నిచ్చెనెక్కి హోటలు కిటికీల కొలతలు తీస్తుంటే, కిందినుంచి నిచ్చెన పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఎవరైనా లాగేస్తారేమోనని దారినపోయే ప్రతి ఒక్కరినీ గుర్రుగా చూస్తూ, రెండు చేతులా ఎంత గట్టిగా పట్టుకుంటాడంటే, కంపెనీలో ఇప్పటివరకు ఆయన పని మీద ఫిర్యాదు లేదు.