కొసరు బంద్

ఎనభై ఎనిమిదిలో ఒక అంగడి రోజున ఎల్లారెడ్డిలో తప్పుకూ ఒప్పుకూ మధ్య గీత పడింది. గీసిన మహానుభావుడు రామస్వామి. ఆయన పార్టీలో పెద్ద లీడరు. ఆ ఏడు అంగడి వేలం పాడుకున్న గుత్తేదారు. పైగా ముందురోజే కామారెడ్డిలో నైతిక విలువల సదస్సుకు వెళ్లి, భోజనాలయ్యేదాకా ఉండి వచ్చినవాడు.

"నీతి అంటే కిలో బాటు అసుంటిది!" అన్నాడు మైకులో. "కామారెడ్డిల ఎంత తూగుతదో ఎల్లారెడ్డిల గంతే తూగుతది. మనిషిని జూసి మారదు. తూకానికి మించి ఇచ్చినా, తీసుకున్నా లంచమే. ఇయ్యాల్టి సంది అంగట్ల కొసరు బంద్!"

చప్పట్లు కొట్టమని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి బాలమల్లు కొట్టాడు. కొట్టాక నిజంగానే ఒళ్లు పులకరించింది. అంగట్లో రామస్వామి తరఫున రుసుం వసూలు చేసేది అతనే. రుసుంతో పాటు ప్రతి తట్టలోంచీ గుప్పెడు కూరగాయలు సంచిలో వేసుకోవడం రివాజు. ఆ సంగతి కూడా తేల్చుకుంటే మంచిదనిపించింది.

"మరి మన సంచి ఎట్లనే, అన్నా?"

"అది కొసరెట్లయితదిరా? కొసరు వాళ్లు ఇస్తరు. ఇది మనం తీసుకుంటం. దీన్ని ఆనవాయితీ అంటరు."

సదస్సుకు వెళ్లకపోతే ఇంత సూక్ష్మం ఎలా తెలుస్తుంది అని బాలమల్లు అబ్బురపడ్డాడు.

కాసేపటికే భూమక్క దొరికిపోయింది. బస్టాండు వైపు మూల ఆమెది. గాజులమ్మే ఘనీకి టమాటాలు తూచి, పైన నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కొత్తిమీర రెమ్మ వేసింది. బాలమల్లు కళ్లారా చూశాడు.

"కొసరెయ్యకుంటే పాపం తగుల్తది బిడ్డా. మా అవ్వ ఏసింది, నేనేస్తున్న," అంది భూమక్క.

"ఎయ్యకుంటే నేను కొననే కొనను భాయ్. లంచమెట్లయితది?" అన్నాడు ఘనీ.

రామస్వామి స్వయంగా విచ్చేశాడు. "ఎవ్వని ధర్మం వానికుంటే ఇగ లీడర్లెందుకు?" అని అడిగాడు. అంతటితో తీర్పు అయిపోయింది. వచ్చే అంగడి నుంచి భూమక్క ఆ మూల వదిలి, వెనక పశువులు కట్టేసే చోట కూర్చోవాలి. తట్ట సాక్ష్యం కింద జప్తు.

"ఆడికి కూరగాయలకు ఎవలొస్తరు పటేలా? గీ మూల మీదనే నా ఇల్లు ఎళ్తుంది!" అని భూమక్క ఏడ్చింది. బాలమల్లుకు మనసు చివుక్కుమంది. కానీ కిలో బాటు కరుగుతుందా? తట్ట నెత్తికెత్తుకుని నడిచాడు.

సాక్ష్యాన్ని రామస్వామి ఇంట్లో దించాడు. ఆయన భార్య సత్యమ్మ టమాటాలూ వంకాయలూ చాటలో గుమ్మరించి, ఖాళీ తట్టను దులిపి చూసింది.

"గింత తట్ట దెచ్చినవు, కొసరేది?"

"కొసరు బందయింది వదినా. అన్ననే బంద్ చేసిండు."

"మీ అన్న అంగట్ల చేసుకొమ్మను. కొత్తిమీర లేకుంటే ఇయ్యాల ఈ ఇంట్ల పొయ్యి అంటుకోదు."

లోపల పీట మీద అప్పటికే కూర్చుని ఉన్న రామస్వామి పైకప్పు వైపు చూస్తూ దీర్ఘంగా ఆలోచించాడు.

"పోయి అడిగి తేపో. మంచిగ ఏసిందంటే మూల ఆమెకే ఉండనీ," అన్నాడు.

బాలమల్లు వెళ్లేసరికి భూమక్క గోనెపట్టా మడుస్తోంది. కొసరేస్తే మూల ఉంటుందన్న మాట వినగానే మొహం విప్పారింది. గబగబా పట్టా మీద మిగిలిన కొత్తిమీరంతా దోసిట్లోకి తీసింది. బాలమల్లు సంచి తెరిచి పట్టాడు. దోసిలి సంచి మీద ఆగిపోయింది.

"బిడ్డా, ఇప్పుడు గిది ఏస్తే తప్పా, ఒప్పా? పొద్దున గిట్లనే ఏసి ఆగమైన."

బాలమల్లు సంచి లోపలికి చూశాడు. ఆమె మొహంలోకి చూశాడు. మైకు కట్టిన స్తంభం వైపు చూశాడు.

"ఎయ్యకు, ఆగు," అన్నాడు. "అడిగొస్త."