అత్త పాతాళంలో గడిపిన ఆరు వారాలు

ప్రతి ఇంట్లోనూ ఒక నరకం ఉండాలి. ప్రభుత్వమే రేషన్ కార్డు మీద ఇచ్చినా తప్పులేదు!

కంగారుపడకండి. నేనంటున్నది వీడియో గేమ్ నరకం. మా ప్రొద్దుటూరు ఇంట్లో, హాల్లో, టీవీలో ఉంది. చీకటి, పొగ, పుర్రెల మెట్లు, అడుగుకో అసురుడు. గండ్రగొడ్డలి పట్టిన వీరుడొకడు పాతాళంలో తొమ్మిది అంతస్తులు దిగుతూ కనబడినవాణ్ణల్లా నరుకుతాడు. ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి అమూల్య సెలవులకు వస్తూ తెచ్చింది. "ఇదేం దరిద్రం!" అని మొదటిరోజు అరిచింది నేనే. క్షమించండి, అప్పటికి నాకు జ్ఞానం లేదు.

జ్ఞానం తెప్పించింది మా మేనత్త తిరుపాలమ్మ. ఊరు వేముల దగ్గర. వయసు అరవై నాలుగు. మామ పోయినప్పటి నుంచి నలభై గొర్రెల మందను ఒక్కతే మేపుకుంటోంది. పొట్టేలు కుమ్మితే కాలు విరిగి, కట్టు వేయించుకుని మా ఇంటికొచ్చింది. ఆరు వారాలు కదలొద్దన్నాడు డాక్టరు. కదల్లేని మనిషికి ఎదురుగా టీవీ, టీవీలో నరకం!

మూడు రోజులు మొహం తిప్పుకుంది. నాలుగో రోజు దున్నతల రాక్షసుడి చేతిలో అమూల్య పదకొండోసారి చచ్చేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

"వాడు కుమ్మే ముందర కుడి భుజం దించుతాండాడు, సూడు పాపా. అప్పుడు ఎడమకు దుముకు."

అమూల్య దూకింది. రాక్షసుడు గోడకు గుద్దుకుని కూలాడు! జీవితమంతా పొట్టేళ్ల భుజాలు చూసిన కళ్లవి. ఏ కోచింగ్ సెంటరు చెప్పగలదీ విద్య?

మర్నాటి నుంచి కంట్రోలర్ అత్త చేతిలోనే.

లాభాలు చూడండి. సీరియళ్లు ఆగిపోయాయి. న్యూస్ డిబేట్లు ఆగిపోయాయి, నా బీపీ దిగింది. పక్కింటి రిహానా కూరగిన్నెతో వచ్చి, ఆటలో మునిగి, గిన్నె మరిచిపోయి వెళుతోంది. మా వంటింట్లో ఇప్పటికి ఏడు గిన్నెలు! జమ్మలమడుగు నుంచి పరామర్శకొచ్చిన చుట్టాలు "కాలెట్లుంది?" అనడం మానేసి "ఎన్నో అంతస్తులో ఉండావు?" అంటున్నారు. ఏ ఆస్పత్రి ఇస్తుందీ ఉల్లాసం?

అయిదో వారం అత్త కొడుకు నాగేంద్ర వచ్చాడు. మంచివాడు. యాపిల్ పళ్లు తెచ్చాడు.

"అమ్మా, గొర్రెల్ని అమ్మేసినాం. పులివెందుల వ్యాపారికి."

అత్త బొటనవేలు ఆగిపోయింది. టీవీలో వీరుడి తల తెగిపడింది.

"నన్ను అడిగినావా?"

"నీ మేలుకే కదమ్మా! ఈ కాలుతో ఇంగ యాడ తిరుగుతావు?"

"అడిగినావా అంటాండా."

నాగేంద్ర నా వంక చూశాడు. నేను యాపిల్ పళ్ల వంక చూశాను. వారం ముందే నాకు ఫోన్లో చెప్పాడు మరి. "మంచి పని చేస్తాండావు" అని మెచ్చుకున్నాను కూడా.

కొడుకు వెళ్లాక అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆట మళ్లీ పెట్టింది. ఏడో అంతస్తు తలుపు ముందు రాక్షసుడు నిలబడ్డాడు. తెర మీద అక్షరాలొచ్చాయి. అత్త ఏదో నొక్కింది, పోయాయి. మళ్లీ వచ్చాయి. మళ్లీ నొక్కింది. పది నిమిషాలు ఇదే తంతు!

"లోపలికి పో అత్తా, ఏంది ఆలస్యం?" అన్నాను.

"అదేం రాసిందో పాప చెప్పింది అబ్బీ. 'సిద్ధంగా ఉండావా?' అని అడుగుతాండాడంట. లేదంటే ఊరకుంటాడంట. పెండ్లప్పుడు నన్ను ఎవురూ అడగల్యా. మీ మామ పోయినాక చేను పంచినప్పుడూ అడగల్యా. ఇంతింత కోరలున్నోడు, నేను ఊ అనేదాకా నిలబడుకోని ఉండాడు సూడు. వానికోసరమే ఆడతాండా ఈ ఆట."

నేను లేచి, యాపిల్ పళ్లు కడగాలని వంటింట్లోకి పోయాను.

కట్టు విప్పిన రోజే అత్త చేతికర్రతో పులివెందుల బస్సెక్కింది. అమూల్య తోడు వెళ్లింది. వ్యాపారి గౌస్ మొహిద్దీన్ దగ్గర ఇంకా పద్నాలుగు గొర్రెలు మిగిలి ఉన్నాయట. "అమ్మా, మంద నీదని నీ కొడుకు చెప్పల్యా. వీటిని తోలుకపోతావా?" అని అడిగాడట. తోలుకొచ్చేసింది. వాటికి తీసుకున్న దుడ్లు నాగేంద్ర మారుమాట లేకుండా వెనక్కిచ్చాడు. మిగతావి మాత్రం ఏ ఊళ్లకు పోయాయో తెలీదు. వాటి పేర్లు చెప్పుకుంటూ వారం రోజులు అన్నం సరిగా తినలేదట అత్త.

కాబట్టి పాఠకులారా, ఇంటింటా నరకం పెట్టించండి. కనీసం రాక్షసుల్ని చూసైనా మనబోటి పెద్దమనుషులు మర్యాద నేర్చుకుంటారు!

ఇంతవరకు రాసి మా ఆవిడ ఉమాదేవికి చూపించాను. పూర్తిగా చదివి కళ్లజోడు తీసింది.

"శానా బాగుంది. అయితే ఆయమ్మ సంగతంతా పేపర్లో ఏస్తాండారే, ఆయమ్మను అడిగినారా?"

ఎడిటరుకు అయిదింటికల్లా అందాలి. అప్పటికే టైము నాలుగూ యాభై.

పంపేశాను.