నాలుగు ఐదుల బండి

వంతెనను తీసుకుపోయిన వరద వచ్చిన రెండో ఏట జరిగింది ఇది.

బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ముక్కాలి పీట వేసుకుని నంబరు ప్లేట్లు రాసే పెయింటరు ఆ ఏడు స్కూటరు కొన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి బండ్లకూ రాశాడు. సొంత బండికి రాసుకోవడం అదే మొదలు. పొద్దున్నే నంబరు తీసుకోవాలి. ప్లేటు రాయాలి. రంగు ఆరగానే భార్యను ఎక్కించుకుని బావమరిది ఇంటికి వెళ్ళాలి. అనుకున్నది ఇంతే. ఆమె తొమ్మిదింటికే తయారై గుమ్మంలో కూర్చుంది.

వరుసలో ఆయన వంతు వచ్చింది. వెనక ఉన్న నర్సమ్మ, "అన్నయ్యా, డ్యూటీకి వేళ మించిపోయింది" అంది.

"వెళ్ళమ్మా. నాకేం తొందర" అని పక్కకు జరిగాడు.

ఆమెకు 5554 వచ్చింది. ఆయనకు 5555 వచ్చింది. అలాంటి నంబరు కోరి తీసుకుంటే ఫీజు కట్టాలి. వంతులో వస్తే అక్కర్లేదు.

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "ఫీజు కట్టు బాబాయ్. స్కూటరు ధరలో సగం."

"నేను అడగలేదే."

"నీ వంతుకు 5554 రావాలి. ఆవిణ్ణి ముందుకు పంపి దీన్ని పట్టావు. ముప్పై ఏళ్ళు మా గుమ్మం ముందు ఊరికే కూర్చోలేదన్నమాట!"

వరుసంతా నవ్వింది.

"వేరేది ఇవ్వు."

"పుస్తకంలో ఎక్కింది. కొట్టివేతలు కుదరవు."

ఆయన ఇంటికి వచ్చి చొక్కా మార్చుకున్నాడు.

"ఏమండీ, బయల్దేరదామా?"

"కోర్టుకు వెళ్తున్నా."

"మా తమ్ముడింటికి అన్నారుగా!"

కేసు మూడు నెలలు నడిచింది. బండి దుప్పటి కప్పుకుని వరండాలో ఉంది. ఆయన నడిచే తిరిగాడు. మొదటి వారం వీధిలో ఎత్తు వేశాడన్నారు. రెండో వారం గుమాస్తాకు లంచమిచ్చాడన్నారు. నెల తిరిగేసరికి బావమరిది కబురు పెట్టాడు: "అక్కా, బావ నంబరు దొంగిలించాడటగా?" ఈలోగా గుమాస్తా తన మీదికి రాకుండా నర్సమ్మకూ ఇందులో చేయి ఉందని రాసి పెట్టాడు. ఆమె నంబరూ ఆపేశారు. ఆమె ఊగిపోతూ వచ్చింది.

"నీ మర్యాద తగలెయ్య అన్నయ్యా! మా ఆస్పత్రిలో నన్ను సంజాయిషీ అడుగుతున్నారు!"

ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు.

కోర్టులో సర్కారు లాయరు నర్సమ్మను అడిగాడు. "పక్కకు జరిగేటప్పుడు ఈయన ఏమన్నాడు?"

"నాకేం తొందర అన్నాడు."

"విన్నారా! ఆ ఆఫీసులో తొందర లేని మనిషి ఉంటాడా? ఉన్నాడంటే ఎత్తు ఉన్నట్టే!"

జడ్జి పెయింటరు వైపు తిరిగాడు. "ఫీజు కట్టేస్తే మీకూ గొడవ వదిలేది కదా?"

"కడితే ఆ అమ్మను అడ్డం పెట్టుకున్నానని ఒప్పుకున్నట్టే కదండీ."

"ఇంకేమైనా చెబుతారా?"

"లేదండి."

తీర్పు చిన్నదే. తొందరలో ఉన్నవారికి దారి ఇవ్వడం నంబరు కోరడం కాదు. ఫీజు అక్కర్లేదు. ఇద్దరి నంబర్లూ వెంటనే ఇవ్వాలి.

ఆ సాయంత్రం ఆయన తన ప్లేటు రాసుకున్నాడు. నాలుగు ఐదులూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. రంగు ఆరాక భార్యాభర్తలు తలలెత్తుకుని వీధి పొడుగునా వెళ్ళారు. బావమరిది బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "నేను మొదటే చెప్పాను బావా, నీదే న్యాయమని" అన్నాడు.

మరునాడు పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళేసరికి వరుస గేటు దాటి రోడ్డెక్కింది. కిటికీ ముందు మాత్రం ఎవరూ లేరు. ఇవ్వవలసిన నంబరు 6665. దాని తరవాతది 6666.

"మీరు కానివ్వండి."

"అయ్యయ్యో, పెద్దవారు, మీ తరవాతే నేను."

"నాకు ఇల్లూ వాకిలీ ఏం పిలుస్తున్నాయండీ? మీరే పదండి."

లోపల గుమాస్తా నెత్తి కొట్టుకుంటున్నాడు. "ఎవరో ఒకరు వచ్చి చావండయ్యా!"

ఆఫీసరు తానే బయటికి వచ్చి పెయింటరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెయింటరు గారూ, మీరే ఒక బోర్డు రాసి పెట్టాలి."

ఆయన పీట వేసుకుని, కుంచె కడిగి, రాశాడు: "ఈ వరుసలో మర్యాద చూపరాదు."

అక్షరాలు మాత్రం ముత్యాల్లా కుదిరాయి.