పెరిగిన గొలుసు

బంగారం ధర పెరుగుతుందే గాని బంగారం పెరగదన్న నమ్మకంతో మానవజాతి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఆభరణాల బీమా కంపెనీ నష్టపరిహార విభాగం ఆ నమ్మకాన్ని రద్దు చేసింది. రద్దు చేసిన ఉత్తర్వు ప్రస్తుతం నాలుగో నంబరు కిటికీ ముందు, టైలరమ్మ చేతిలో ఉంది.

"ముందస్తు అనుమతి లేకుండా మీ గొలుసు పెరిగినందున పరిహారం ప్రశ్నే తలెత్తదు. పెరిగిన మేరకు అదనపు ప్రీమియం మీరే చెల్లించాలి. పెరుగుదల ఆగేవరకూ గొలుసు మా పరిశీలనలో ఉంటుంది."

"గొలుసు పెరగడమేంటండీ? తెగితేనూ!" అంది టైలరమ్మ.

"తెగిందని ఇప్పుడంటున్నారు. ఫోన్లో పెరిగిందన్నారు" అన్నాడు కిటికీ లోపలి అధికారి. ఆయన హోదా పెరుగుదల అధికారి. (ఇంతకుముందు తరుగుదల అధికారి. ఈ కేసుతోనే ప్రమోషన్ వచ్చింది.) "రికార్డు ఉంది. వినిపించమంటారా?"

వద్దనేలోపే వినిపించాడు. అత్తగారి గొంతు హాలంతా ఖంగుమంది.

"ఏం చెప్పమంటావు నాయనా! కరెంటు పోయింది. దీపం పెడితే అది కాస్తా కొండెక్కింది. ఆ చీకట్లో మా కోడలి మెడలో గొలుసు మిషను చక్రంలో పడి పెరిగింది."

కంపెనీ నుంచి ఫోను వచ్చినప్పుడు టైలరమ్మ నోటినిండా గుండుసూదులున్నాయి. అందుకని ఫోను అత్తగారి చేతికిచ్చింది. అత్తగారు పుట్టి బుద్ధెరిగాక తెగింది, పగిలింది, ఆరిపోయింది, అయిపోయింది అన్న మాటలు నోట రానిచ్చిన మనిషి కాదు. ఆవిడ ఇంట్లో గాజులు పెరుగుతాయి, బియ్యం నిండుకుంటాయి, దీపాలు కొండెక్కుతాయి. (ఈ లెక్కన ఆ ఇంట్లో అభివృద్ధి తప్ప ఇంకేమీ జరిగిన దాఖలా లేదు.)

"పెరిగిందంటే తెగిందని అర్థమండీ. మా భాషలో అలాగే అంటారు."

"మీ భాష ఏది?"

"తెలుగేనండీ."

"నాదీ తెలుగే. పెరిగిందంటే పెరిగిందనే."

టైలరమ్మకు తల కొట్టుకోవాలనిపించింది. ఆ గొలుసు వాళ్ళమ్మది. అమ్మ పోయాక మిగిలింది అదొక్కటే. లోపల డొల్లగా, ఊదితే ఎగిరిపోయేట్టుండే పాతకాలం లింకులు. కంసాలి దాన్ని వేలి మీద ఆడించి చూసి, "ఒక్క చోటే కాబట్టి అతుకుతానమ్మా. ఇంకో చోట తెగితే మాత్రం నా వల్ల కాదు. మంటకి మొత్తం కూలిపోతుంది, ఇక కరిగించుకోవాల్సిందే" అన్నాడు. అతుకు పెట్టేలోపే కంపెనీ పరిశీలన పేరుతో పట్టుకుపోయింది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏ గొంతు పెరిగిందందో ఆ గొంతే తెగిందనాలి. ఇక్కడికొచ్చి, ఈ మైకులో. రూలు."

మర్నాడు అత్తగారు వచ్చారు. ఆవిడకు అందేట్టు మైకును వంచారు.

"చెప్పండి పెద్దమ్మగారూ, గొలుసు ఏమైంది?"

"చెప్పాను కదా నాయనా. పెరిగింది."

"అత్తయ్యా!" అంది టైలరమ్మ. "బస్సులో దారంతా ఏమనుకున్నాం?"

"అనుకున్నాంలే అమ్మాయ్. బంగారాన్ని పట్టుకుని ఆ మాట ఎలా అనను? నోరు రావడం లేదు."

"పోనీ, దానికి దగ్గరగా ఇంకో మాట చెప్పండి" అన్నాడు అధికారి ఉదారంగా.

అత్తగారు ఆలోచించారు. "రెండయింది."

అధికారి కంప్యూటర్లో టకటకా కొట్టాడు. రెండో గొలుసుకు బీమా లేదనీ, దాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు దాచారో సంజాయిషీ ఇవ్వాలనీ కాగితం బయటికొచ్చింది.

"అయ్యో, రెండు గొలుసులు కాదు! విడిపోయింది."

"విడిపోయిన కేసులు కుటుంబ విభాగం. మూడో అంతస్తు."

"నీ విభాగాలు చల్లగుండ! ఇంట్లో బియ్యం నిండుకున్నా చూసుకోకుండా నీ చుట్టూ తిరుగుతున్నాం కదయ్యా!"

అధికారి వేళ్ళు ఆగాయి. "బియ్యం కూడా నిండుకున్నాయా?"

"నూనె కూడా నిండుకుంది."

"ఎంత నిల్వ ఉంటుంది?" అంటూ ఇంకో ఫారం తీశాడు. "అన్నట్టు, మీ దీపం ఎక్కిన కొండ ఎవరి పేరున ఉంది?"

ఇంకాసేపు ఆగితే తామొక రాజవంశంగా నమోదవుతామని టైలరమ్మకు అర్థమైంది. "బాబూ, మీకో దండం. నాకు పరిహారం వద్దు. మా అమ్మ గొలుసు నాకిచ్చెయ్యండి."

అధికారి ముఖం విప్పారింది. పరిహారం వదులుకునేవారి విభాగం ఆ కంపెనీలో అన్నిటికన్నా చురుకైనది. అక్కడ క్యూ ఉండదు, కుర్చీలకు మెత్తలుంటాయి, పెన్ను రాస్తుంది. సంతకం ఆరేలోపే గొలుసు పొట్లం కిటికీలోంచి బయటికొచ్చింది.

టైలరమ్మ పొట్లం విప్పింది. ఆమె ఇచ్చింది రెండు ముక్కలు. వచ్చినవి నాలుగు.

గుడ్డ ముక్కలు జతచేసే అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు ఒక కొస తెచ్చి ఇంకో కొస పక్కన పెట్టాయి. మళ్ళీ తీసి ఇంకోదాని పక్కన పెట్టాయి. ఎక్కడ పెట్టినా ఇంకో చోట ఖాళీ మిగులుతోంది.

"ఇదేంటండీ?" అంది చివరికి.

అధికారి మెడ సాచి చూశాడు. పరిశీలన అంటే ఏమిటో అప్పుడు చెప్పాల్సి వచ్చింది. గొలుసును మేకుకు వేలాడదీసి, కింద తూకపురాయి కట్టి, రోజూ పొద్దున్నే ఎంత పెరిగిందో టేపుతో కొలవడం. రాయి కట్టేది తనేనట. మొదట్లో పెరుగుదల కనపడకపోతే, కేసుకు న్యాయం జరగాలని, ఇంకాస్త బరువైన రాయి కట్టాడట.

"మరి ఎలా అయింది ఇలా?"

నిన్నటి నుంచీ ఉన్నమాట ఉన్నట్టు చెప్పమని ప్రాణం తీసిన ఆ మనిషి అటూ ఇటూ చూశాడు. మైకును మెల్లగా పక్కకు నెట్టి, గొంతు తగ్గించాడు.

"మా దగ్గర... కొంచెం పెరిగినట్టుందమ్మా."

అత్తగారు గొలుసును చూశారు. ఇంకా కొసలు జతచేస్తూనే ఉన్న కోడలి వేళ్ళను చూశారు. చెయ్యి చాచి మైకును తనవైపు లాక్కున్నారు.

"పెరగలేదు నాయనా" అన్నారు, హాలంతా వినపడేట్టు. "తెగింది. తెంపింది నువ్వు."