నూటికి నూరు వచ్చిన వాగు

ఒక పెద్ద అడవిలో ఒక వాగు ఉండేది. ఆ వాగొడ్డున ఒక బడి, ఆ బడిలో చెంగమ్మ అనే కప్ప టీచరు. పాఠం బాగా చెబుతుందని పేరు, గొంతు మరీ పెద్దదని ఫిర్యాదు.

చెంగమ్మకి ఆ ఏడు అరవైమంది పిల్లలు పుట్టారు. ఇంకా కాళ్లు రాలేదు, ఉన్నవల్లా తోకలే. బడి వెనక వాగు కాస్త ఆగి మడుగు కట్టినచోట వాళ్ల కాపురం. రోజూ పొద్దున్నే గట్టుమీద కూర్చుని వాళ్లకి హాజరు వేసేది. పిలిచినవాళ్లు ఒక బుడగ వదలాలి. అరవై పేర్లు, అరవై బుడగలు.

ఒకరోజు యాభై ఏడు బుడగలే వచ్చాయి. చెంగమ్మ మళ్లీ మొదటినుంచీ పిలిచింది. యాభై ఏడే. ఆ వచ్చిన బుడగలు కూడా వంకరగా వచ్చాయి. ఆ పూట ఏడో ఎక్కం చెబుతూ చెబుతూ, బడిపిల్లలందరి ముందూ భోరుమని ఏడ్చేసింది.

కారణం అడవిలో అందరికీ తెలుసు. పంచాయతీ ప్రెసిడెంటు జాంబయ్య అనే ఎలుగుబంటిగారు పై ఒడ్డున ఇప్పపువ్వు ఊరబెట్టి సారా కాస్తారు. కాచగా మిగిలిన మడ్డి వాగులో పారబోస్తారు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సరిగ్గా ఆ వారమే పైనుంచి ఉత్తరువు వచ్చింది. బడిపిల్లలు వారం వారం తమ వాగునీళ్లు పరీక్షించి, మార్కులు వేసి పంపాలట. పరికరాలు మాత్రం ఎక్కడికక్కడే సమకూర్చుకోవాలట.

బడిలో వెతికితే రంగు మారే సామాను ఒక్కటే దొరికింది. అది హెడ్మాస్టరు రంగనాయకులుగారు. ఆయన ఊసరవెల్లి.

"నన్నా? నీళ్లలోనా?" అన్నారాయన.

"తోక ఒక్కటి ముంచితే చాలు సార్," అంది చెంగమ్మ. "ఆకుపచ్చకి తిరిగితే నూరు, పసుపైతే యాభై, ఎరుపైతే సున్నా."

పిల్లలు ఎగిరి గంతేశారు. హెడ్మాస్టరుగారి తోక పట్టుకునే అవకాశం ఎన్నాళ్లకి వస్తుంది? నలుగురు కుందేళ్లు ఆయన్ని ఎత్తి వాగులో ముంచారు. తోక ముందు ఎర్రబడింది, తర్వాత ఒళ్లంతా ఎర్రబడింది, ఆ తర్వాత ఆయన సన్నగా కూనిరాగం తీశారు.

ముళ్లపంది పిల్ల గౌరి తన వీపునుంచే ఒక ముల్లు పీక్కుని, నేరేడుపండు రసంలో ముంచి నోటుబుక్కులో రాసింది: 'రంగు ఎరుపు. మార్కులు సున్నా. చేపలు వెల్లకిలా ఈదుతున్నాయి. ఒక రొయ్య మమ్మల్ని బావా అని పిలిచింది. రెండు నత్తలు కొట్టుకుందామని బయల్దేరాయి గాని ఇంకా చేరుకోలేదు.'

చెంగమ్మకి కడుపు నిండినట్టయింది. ఇంత చక్కగా రాసిన కాగితం పైకి వెళితే, మడ్డి ఆగక ఏం చేస్తుంది?

కాగితం పైకి వెళ్లలేదు, పై ఒడ్డుకి వెళ్లింది. మర్నాడు ప్రెసిడెంటుగారే బడికి వచ్చారు. ఆయన పక్కన నిలబడగానే హెడ్మాస్టరుగారు నల్లగా, బొచ్చు ఒక్కటే తక్కువగా తయారయ్యారు.

"ఏంటమ్మా టీచరుగారూ, మన వాగుని ఫెయిల్ చేశారట?" అన్నాడు జాంబయ్య, ఎంతో బాధగా. "నేను చిన్నప్పుడు మునిగిన వాగమ్మా అది! పిల్లాడికి సున్నా వేస్తే ఎంత కుంగిపోతాడు? వాగుకి మాత్రం మనసుండదా?"

"మడ్డి ఆపితే వచ్చేవారమే పాసవుతుందండీ."

"ఆపడమెందుకు? ఇన్‌స్పెక్షను నాడు మీరేం చేస్తారు? మొద్దుల్ని వెనక్కి తోసి, తెలివైనవాళ్లని ముందు బెంచీలో కూర్చోబెట్టరూ? వాగుకీ అంతే. ఇన్‌స్పెక్టరుగారు వాగుని చూడ్డానికి వచ్చేనాటికి కొండమీది ఊటనీళ్లు బిందెడు తెచ్చి ముందు పెట్టండి. వాగు వెనకాల ఉంటుంది."

ఏటా ఆ పని చేస్తున్నది చెంగమ్మే.

"కాదంటారా, బండగుట్ట బడిలో ఒక ఖాళీ ఉంది," అన్నాడు జాంబయ్య వెళ్తూ వెళ్తూ. "అక్కడ వానపడి పదకొండేళ్లయిందిట. ఆరోగ్యానికి మంచిది."

కప్పని బండగుట్టకి బదిలీ చేస్తే ఏమవుతుందో ఆమెకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పైగా ఇక్కడ తోకలతో యాభై ఏడుమంది. చెంగమ్మ ఊటనీళ్లకి బడిపిల్లల్ని పంపింది.

"టీచర్, వాగు పరీక్ష ఊట రాస్తే అది కాపీ కాదా?" అని అడిగింది గౌరి.

"నోర్మూసుకుని ముల్లు చెక్కుకో!" అని అరిచింది చెంగమ్మ. అరిచాక తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇన్‌స్పెక్షను రోజు పొద్దున హాజరులో నలభై తొమ్మిది బుడగలు లేచాయి.

ఇన్‌స్పెక్టరు ఐరావతంగారు ఏనుగు. బడి గుమ్మంలో పట్టక కిటికీలోంచి తొండం ఒక్కటి లోపలికి పంపి తనిఖీ చేశారు. బిందెలో హెడ్మాస్టరుగారి తోక ముంచారు. లేత అరిటాకులా పచ్చబడింది. పిల్లలు తమకి నేర్పినట్టే చప్పట్లు కొట్టారు.

"నూటికి నూరు!" అన్నారు ఐరావతంగారు. "నా సర్వీసులో ఇలాంటి వాగుని చూళ్లేదు. ప్రెసిడెంటుగారూ, మీకు సన్మానం జరగాలి."

జాంబయ్య సిగ్గుపడ్డాడు. దండ ఆయనే తెచ్చుకున్నాడు.

పొద్దుటి బుడగలే చెంగమ్మ కళ్లముందు తిరుగుతున్నాయి. ఒక్క గెంతులో బల్లెక్కింది. గొంతు పెద్దదని ఫిర్యాదు ఉండనే ఉంది కదా, ఆ గొంతంతా పెట్టి అంది: "సార్! నూటికి నూరొచ్చిన నీళ్లు! ఇంత ఎండలో వచ్చారు, కాసిని పుచ్చుకోకుండా వెళితే మా బడికి చిన్నతనం!"

"ఆ మాట నిజం," అన్నారు ఐరావతంగారు. "బిందెడు నాకు పుక్కిలింతకి కూడా చాలదు. వాగు ఎటు?"

"మడుగులో వద్దు సార్, పైకి రండి. పైకి వెళ్లేకొద్దీ రుచి!" అని చెంగమ్మ ముందు గెంతుతూ దారి తీసింది.

జాంబయ్య పరుగున అడ్డం వచ్చాడు. "వద్దు సార్, వద్దు!"

"ఏం? నీళ్లు మంచివి కావా?"

"అయ్యో, అంత మాటా! మరీ మంచివి సార్. అలవాటు లేనివాళ్లకి మంచి పడదు."

"ఎంత వినయం!" అని మెచ్చుకుని ఐరావతంగారు మడ్డి పడేచోటే తొండం పెట్టారు. ఒకసారి పీల్చి ఆగారు. కళ్లు మూశారు. తర్వాత ఇంక ఆగలేదు. వాగు ఆ కాసేపు కిందికి పారడం మానేసింది.

లేచాక ఆయన హెడ్మాస్టరుగారిని అత్తయ్యా అని పిలిచి పాదాలకి దండం పెట్టారు. నిబంధనలన్నీ రాగం తీసి పాడారు. పాడుతూ పాడుతూ కూర్చుందామని చూస్తే, కూర్చోడానికి వీలుగా కనిపించింది సారా బట్టీ. కుండలు, గొట్టాలు, కట్టెలు, పొయ్యి, అన్నిటిమీదా సుఖంగా కూర్చుని సాయంత్రం దాకా నిద్రపోయారు. లెమ్మనడానికి జాంబయ్యకి నోరు రాలేదు. లేపితే, దేనిమీద కూర్చున్నారో చెప్పాలి.

మెలకువ వచ్చాక తాగి పడ్డానని ఐరావతంగారూ రాసుకోలేరు కదా. 'నీటి నాణ్యత వర్ణించనలవి కాదు. మనిషి తనను తాను మరిచిపోతాడు' అని రాశారు. ఏనుగు మనిషి గురించి ఎందుకు రాసిందని ఎవరూ అడగలేదు. పై ఆఫీసులో ఆ రిపోర్టు చదివిన ఏనుగులన్నీ స్వయంగా తనిఖీ చేయాలని పట్టుబట్టాయి. వారానికొకటి వచ్చి, ఆ పై ఒడ్డునే బైఠాయించి, గుక్క గుక్కకీ వాసన చూడసాగాయి. జాంబయ్య మళ్లీ ఒక్క కుండ పెట్టలేకపోయాడు.

మూడు వారాల్లో వాగు తేటబడింది. రొయ్య ఎవర్నీ బావా అనడం లేదు. నత్తలు ఎట్టకేలకి ఎదురెదురుగా చేరుకున్నాయి గాని, ఎందుకు బయల్దేరాయో మర్చిపోయాయి.

ఆ నెలాఖరున ఏనుగులన్నీ కలిసి వాగునీళ్లు తాగి, ముఖముఖాలు చూసుకుని, ఉసూరుమన్నాయి. బడికి కాగితం వచ్చింది: 'నాణ్యత ఘోరంగా పడిపోయినది. వట్టి నీళ్ల రుచి. మార్కులు పన్నెండు. వాగు ఫెయిల్.'

హెడ్మాస్టరుగారు ఆ కాగితం చూసి తెల్లబోయారు, ఒళ్లంతా. చెంగమ్మ దాన్ని పట్టుకుని మడుగు గట్టుకి వెళ్లి హాజరు వేసింది. పలకని పదకొండు పేర్ల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. మిగతా నలభై తొమ్మిది బుడగలూ నిటారుగా లేచాయి. ఒకడికి వెనక కాళ్లు వచ్చాయి. ఆమె కాగితం కింద సంతోషంగా సంతకం పెట్టింది.

నీతి: మీ వాగు ఫెయిలైందని పైనుంచి కాగితం వచ్చేదాకా ఆ నీళ్లు తాగకండి.