పాడవనన్న వీసీఆర్

శుక్రవారం పొద్దున, భార్య సొహేర్ చేపల బజారుకు వెళ్ళగానే వీసీఆర్‌ను పాడుచేసేయాలని అనీస్ నిశ్చయించుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా అది పాడైందనే ఇంట్లో అందరి నమ్మకం. నిజానికి దానికి ఏ రోగమూ లేదు. ఒకనాడు ఫుట్‌బాల్ ఫైనల్ మొదలైపోతుంటే, అలమరలో చేతికందిన క్యాసెట్ తోసి రికార్డు చేశాడు. తీరా బయటికి తీసి చూస్తే దాని మీద "పెళ్ళి" అని రాసి ఉంది. ఆ క్షణమే వీసీఆర్ పాడైందని ప్రకటించాడు.

ఇప్పుడు కూతురు దాలియాకు వచ్చే వారం నిశ్చితార్థం. అమ్మానాన్నల పెళ్ళి చూసి తీరాలని, ఓడల్లో రేడియో మెకానిక్‌గా చేసిన మేనమామ రఫత్‌ను భార్యతో సహా ఆ మధ్యాహ్నమే భోజనానికి పిలిచింది.

అనీస్ మూత విప్పి, లోపలి రబ్బరు బెల్టు లాగి లాల్చీ జేబులో వేసుకున్నాడు. ప్రాణం కుదుటపడింది.

మధ్యాహ్నం నమాజు కాగానే రఫత్, ఇనాస్ దిగారు. రఫత్ లోపలికి తొంగిచూశాడు.

"బెల్టు లేదేంటి బావా?"

"అరిగిపోయుంటుంది. వదిలేయవయ్యా, ముసలిదైపోయింది."

"మనమూ అయ్యాం. మనల్నెవరైనా వదిలేశారా? దాలియా, నీ జుట్టు రబ్బరోటి ఇటివ్వమ్మా!"

జుట్టు రబ్బరు అచ్చం కొలత తీసినట్టు సరిపోయింది.  అనీస్ టీ అందిస్తున్నట్టు వంగి, గ్లాసెడు టీనీ యంత్రంలో ఒంపేశాడు.

"అయ్యో, చెయ్యి జారింది!"

"ఏం ఫరవాలేదు బావా. జుట్టు ఆరబెట్టే మిషనుందా?"

ఆ మిషను పెట్టగానే ఇంటి ఫ్యూజుతో పాటు భవనం మొత్తం ఫ్యూజు ఎగిరిపోయింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. అందులో పై అంతస్తు మదామ్ ఫిర్దౌస్ ఉంది, ఆమె చంకలో పుచ్చకాయ ఉంది. అరగంటకు కరెంటు వచ్చాక ఆమె బయటపడి, మిగతా ఇళ్లవాళ్లను వెంటేసుకుని తలుపు బాదింది.

"ఏమయ్యా అనీస్, నన్ను చంపేద్దామనుకున్నావా?"

"మా అమ్మానాన్నల పెళ్ళి వేస్తున్నాం ఆంటీ, కూర్చోండి," అంది దాలియా.

"ముందే చెప్పొద్దూ! కత్తి తే, కాయ కోద్దాం."

నలుగురి ముందు పరువు పోవలసినవాడికి పద్నాలుగు మంది పోగయ్యారు. గుమ్మడి గింజలు కూడా వచ్చాయి. అనీస్ తలుపు దగ్గరి కుర్చీ చూసుకున్నాడు. సొహేర్ క్యాసెట్ తెచ్చి పెట్టింది. తెర మీద గీతలు పోయాయి, డప్పులు మోగాయి. తెల్లగౌనులో సొహేర్, పక్కన బోలెడంత జుట్టుతో అనీస్.  నృత్యం అయింది, కేకు కోశారు, బంతి రాలేదు. పెళ్ళి ఆఖరుదాకా పెళ్ళిగానే సాగింది.

"ఏడుస్తున్నావా?" అని సొహేర్ అతని చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగున్నావే అప్పుడు!" అన్నాడు. మాట నిజమే, కన్నీళ్ళు మాత్రం వేరే విషయానివి.

రఫత్ చేతులు తుడుచుకున్నాడు. "యంత్రం నడుస్తోంది కాబట్టి మాది కూడా వేసెయ్ అక్కా. సముద్రం మీద పోతూ నీ అలమరలోనే పెట్టి వెళ్ళాగా? అదే స్టూడియో, అదే తెల్లపెట్టె."

అనీస్ చేతిలో పుచ్చకాయ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

తెర మీద ఇనాస్ పల్లకీలాంటి కుర్చీ ఎక్కింది. వాళ్ళమ్మ మైకు అందుకుని గొంతు సవరించుకుంది. మరుక్షణం ఆవిడ చోట ఇరవై ఇద్దరు మగాళ్ళు పరిగెత్తసాగారు.

గింజలు కొరకడం ఆగిపోయింది. "అన్నయ్యా," అంది ఇనాస్ మెల్లగా, "మా అమ్మేది?"

"చెల్లెమ్మా... నేనది... మాదనుకున్నానమ్మా," అని నోరుజారాడు అనీస్.

"మనదనుకుని చెరిపేశావా!" అంది సొహేర్.

రఫత్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బావా, ఇది ఆ ఫైనలేనా? ఆ రోజు నేను నడిసముద్రంలో ఉన్నా, రేడియో కూడా అందలేదు. ఎవరూ స్కోరు చెప్పకండి!"

మొదటి సగం అయ్యేదాకా ఇనాస్ ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో సగంలో రిఫరీని తిట్టింది.