మా గుడ్లకు సర్టిఫికెట్ వచ్చింది

మా వీధి కోళ్లు పెట్టే గుడ్లలో సీసం ఉందట! ఉంటే ఏమైందండీ? ఇంతటి పౌష్టికాహారం మీ దగ్గర దొరుకుతుందా అని అడుగుతున్నాను.

మీ గుడ్డులో ఏముంది? తెల్లసొన, పచ్చసొన. అంతేగా! మా ఇళ్ల వెనకే సీసం గని. అక్కడ లేచిన దుమ్ము పెరట్లో పడుతుంది, ఆ దుమ్ములోనే మా కోళ్లు పొద్దస్తమానం గింజలు ఏరుకుంటాయి. భూగర్భ సంపదను అందరికంటే ముందు టిఫిన్లో తింటున్నది మేమే. ఈ అదృష్టం ఎంతమందికి పడుతుంది?

పక్కింటి మెకానిక్ ఒక్కడే కాస్త భయపడ్డాడు. షెడ్డులోంచి అయస్కాంతం తెచ్చి, ఉడికిన గుడ్డుకు ఆనించి చూశాడు. "చూశావా బాబాయ్, అంటుకోలేదు! మెటలూ లేదు, గిటలూ లేదు" అంటూ రెండు గుడ్లు లాగించేశాడు. సీసం అయస్కాంతానికి అంటుకోదని నాకు తెలుసు. కానీ తింటున్నవాడికి సైన్సు చెప్పడం ఏం మర్యాద?

మా మనవరాలికి ఆరేళ్లు. నిరుడు వంద దాకా అంకెలు గడగడా చెప్పేది. ఇప్పుడు ఇరవై దగ్గర ఆగిపోయి నా మొహంలోకి చూస్తోంది. ఇదీ లాభమే! పసిబుర్రల మీద చదువుల బరువు తగ్గించాలని మేధావులు ఎన్నాళ్లుగా మొత్తుకోవడం లేదూ? రక్తపరీక్ష చేయించిన డాక్టరమ్మ మాత్రం "సీసం ఎక్కువగా ఉంది. పెరటి గుడ్లు పెట్టకండి" అంది. పాపం, మా సర్టిఫికెట్ సంగతి ఆవిడకు తెలియదు.

ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో చెబుతాను. గుడ్ల శాంపిళ్ల కోసం వస్తున్నామని గని ఆఫీసువాళ్లు ముందురోజే కబురు పెట్టారు. మా ఆవిడ గూట్లోకి తొంగి చూసింది. అన్నీ చిన్న గుడ్లు, పైగా మట్టి. "ఇవి ఆఫీసర్ల చేతిలో పెడితే మన పరువేం కాను?" అంటూ నన్ను గని గేటు ముందున్న కొట్టుకు తరిమింది. పెద్దవి, తెల్లవి అరడజను తెచ్చాను. ఆవిడ వాటిని తుడిచి, బుట్టలో పేర్చి ఇచ్చింది. ఇవి మా పెరటి గుడ్లేనని నేను సంతకం పెట్టాను. "మీ పెరటి గుడ్లు పూర్తిగా సురక్షితం" అని నెలకల్లా రిపోర్టు వచ్చింది. అప్పటినుంచి వీధి వీధంతా ధైర్యంగా తింటోంది.

డాక్టరమ్మ మాట విన్నాక, నిజం చెప్పేద్దామని ఆఫీసుకు వెళ్లాను. "సంతకం మీదే కదా పెద్దాయనా!" అని గుమాస్తా ఫైలు మూసేశాడు.

రిపోర్టు అబద్ధమని నేననను. ఆ కొట్టుకు గుడ్లు ఎక్కడో దూరం నుంచి లారీలో వస్తాయి, గని ఆఫీసర్ల ఇళ్ల కోసం. అంటే, వాళ్లు తినే గుడ్లు సురక్షితమని వాళ్ల ల్యాబే తేల్చింది. మేం తినే గుడ్డును ఇప్పటిదాకా ఎవరూ చూడనే లేదు. పరువు మేం కాపాడుకున్నాం, అంకెలు ఆ పిల్ల పోగొట్టుకుంది. నాకు ఒళ్లు మండుతోంది, ముందు నా మీదే.

అయ్యా ఆఫీసర్లూ, ఇంకొక్కసారి రండి. ఈసారి చెప్పకుండా రండి. మా ఆవిడను మాత్రం అడక్కండి, ఆవిడకు మర్యాదలెక్కువ. గూట్లో చెయ్యి పెట్టి మీరే తీసుకోండి, మట్టితో సహా.